సొమ్ము ద్రాక్షది, సోకు వైన్‌ది

రాత్రి భోజనంతో ఓ గ్లాసు రెడ్ వైన్ పుచ్చుకుంటే గుండెకి మంచిదన్న మాట మా ఖరగ్‌పూర్‌కి కాస్త ఆలస్యంగా వచ్చింది. వచ్చాక మాత్రం కదల్లేదు. గోల్‌బజార్‌లో పొద్దుటిపూట టీకొట్టు బెంచీల మీద చేరే రిటైర్డ్ రైల్వే బృందంలో దీని ప్రస్తావన రాని వారం ఉండదు. వాళ్లలో వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి దిగిపోయిన పెద్దాయన ఒకరున్నారు. తాతల ఊరు టెక్కలి దగ్గర. ఆయన పుట్టిందీ, చదివిందీ, పెన్షను అందుకుంటున్నదీ ఖరగ్‌పూర్‌లోనే అయినా మాట మాత్రం శ్రీకాకుళం దాటి ఒక్క స్టేషను కూడా ముందుకు రాలేదు. గుండెకి స్టెంటు పడ్డాక ఆయన వాదన ఇదీ: "డాట్రు బాబు సారా మానీమన్నాడు, బ్రాందీ మానీమన్నాడు. వైను మానీమన్నేదు కదేటి!" పక్కనున్నాయన ఊరుకోలేదు. "అడిగితే అదీ మానీమంటాడు మావా. అందుకే నువ్వడగనేదు."

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ వాదనలో గుండె సంగతి కంటే వేరే సంగతి పట్టుకుంది. సారాకి లేని మర్యాద వైన్‌కి ఎక్కణ్ణించి వచ్చింది? రెండింటిలోనూ మత్తెక్కించే పదార్థం ఒకటే, ఇథనాల్. 150 మిల్లీలీటర్ల వైన్ గ్లాసులో అది దాదాపు 15 గ్రాములు ఉంటుంది. 30 మిల్లీల చిన్న పెగ్గు విస్కీలో 10 గ్రాములు. అంటే "ఒక్క గ్లాసు వైనే కదా" అన్నాయన ఒకటిన్నర పెగ్గు పుచ్చుకున్నట్టు. కాలేయం సీసా మీది లేబులు చదవదు.

ఆ మర్యాద పుట్టుక తెలుసుకోవడానికి రైల్వే ఊరు కంటే మంచి చోటు లేదు. ఖరగ్‌పూర్ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కట్టిన ఊరు. పంతొమ్మిదో శతాబ్దం ముగుస్తుండగా స్టేషను, ఆ వెనకే వర్క్‌షాపు వచ్చాయి. ఆ పనులకి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్లు కుటుంబాలకి కుటుంబాలు తరలి వచ్చేశారు. మథురాకాటి, నిమ్‌పురా క్వార్టర్లలో సాయంత్రం అరుగుల మీద ఇప్పటికీ తెలుగే వినిపిస్తుంది. వి.వి. గిరి గారు రాష్ట్రపతి కావడానికి ఎంతో ముందు, 1920లలో, బి.ఎన్.ఆర్. కార్మికుల సమ్మెలు నడిపిన గడ్డ ఇది అని మా పెద్దలు ఛాతీ విరుచుకుంటారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించినప్పుడు ఇక్కడ మిఠాయిలు పంచుకున్నారు.

రైల్వేలో అన్నీ హోదాని బట్టే. బంగళా ఎవరికి, ఏ టైపు క్వార్టరు ఎవరికి, ఏ ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరు అడుగు పెట్టొచ్చు అన్నవన్నీ రాసిపెట్టి ఉండేవి. తాగుడు మాత్రం ఎందుకు మినహాయింపు అవుతుంది? సౌత్ సైడ్ బంగళాల్లో దొరలు, వాళ్ల తర్వాత ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డులు పండక్కి తాగేది వైన్. మన ఖలాసీలు జీతాల నాడు తాగేది కల్లో సారానో. చుట్టుపక్కల సంతాలీ పల్లెల్లో బియ్యంతో పులియబెట్టుకునే హాండియా. దొర తూలితే అది పార్టీ. ఖలాసీ తూలితే వాడు తాగుబోతు. మర్నాడు పొద్దున్న ఇద్దరికీ తలనొప్పి ఒకలాగే ఉండేదని వేరే చెప్పాలా?

వైన్ మాకు పరిచయమైంది మాత్రం బంగళా గేటు దాటి కాదు. మా లైన్లో రిటైరైన ఆంగ్లో ఇండియన్ గార్డు గారి భార్య ఉండేవారు. మేం ఆంటీ అనేవాళ్లం. పిల్లలు ఆస్ట్రేలియా వెళ్లిపోయినా ఆవిడ ఈ ఊరు వదల్లేదు. క్రిస్మస్‌కి నెల ముందు నుంచే వాళ్లింట్లో పెద్ద జాడీ ఒకటి మూల చేరేది. నల్ల ద్రాక్ష దొరికితే అది, లేకపోతే ఎండు ద్రాక్ష. దాంట్లో పంచదార, ఈస్టు, గుప్పెడు గోధుమలు, దాల్చినచెక్క, లవంగాలు. మూతికి గుడ్డ కట్టి, రోజూ కర్ర గరిటెతో కలిపి, మూడు వారాలు పోయాక వడగట్టి, రంగు కోసం మాడబెట్టిన పంచదార పాకం పోసేవారు. పండగ నాడు ప్లమ్ కేకు, కుల్‌కుల్స్‌తో పాటు చిన్న సీసాలో ఆ వైన్ కూడా మా ఇంటికి వచ్చేది. మద్యం పేరెత్తితే చీపురు అందుకునే మా అమ్మ ఆ సీసాని భద్రంగా దాచి, జలుబు చేస్తే మాకు ఒక మూతెడు పోసేది. ఆవిడ లెక్కలో అది ద్రాక్షారిష్టం కోవలోది. ఆ ద్రాక్షారిష్టంలో కూడా పులియడం వల్ల పుట్టిన ఆల్కహాలు ఉంటుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేది కాదు.

పాతతరం వాళ్లకి హైదరాబాదులో తయారైన గోల్కొండ రూబీ గుర్తుండాలి. అదీ తియ్యటి ఎర్ర వైనే, అదీ 'ఒంటికి మంచిది' ఖాతాలోనే. కాబట్టి మనకి ఆ నమ్మకం కొత్తదేం కాదు. దాని మీద శాస్త్రం ముద్ర పడింది మాత్రం 1991 నవంబరులో. అమెరికాలో సిబిఎస్ ఛానెల్ '60 మినిట్స్' కార్యక్రమంలో ఫ్రెంచి శాస్త్రవేత్త సెర్జ్ రెనో ఒక వింత చెప్పారు. ఫ్రెంచివాళ్లు వెన్న, చీజ్ దండిగా తింటారు, అయినా గుండెజబ్బుతో చనిపోయేవాళ్లు తక్కువ, కారణం వైన్ కావచ్చు అని. అమెరికాలో రెడ్ వైన్ అమ్మకాలు అమాంతం పెరిగాయి. మరుసటి ఏడాది, అంటే 1992లో, 'లాన్సెట్' పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది.

అదే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్లు మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. అది 1997లో సడలిపోయింది. నాకెప్పుడూ ఆశ్చర్యమే: ఒకే ఏడాది, ఒకే ఇథనాల్, అక్కడ ఆరోగ్యప్రదాయిని, ఇక్కడ కొంపలు కూల్చేది. ఆ ఉద్యమం ముందు నడిచిన దూబగుంట రోశమ్మ గారికి లాన్సెట్ పత్రిక చందా లేదు. ఇంట్లో కళ్లెదుట జరిగే ప్రయోగం చాలింది.

ఫ్రెంచి వింత తర్వాత పలచబడింది. ఫ్రాన్స్‌లో గుండెజబ్బు మరణాల నమోదు తక్కువగా జరుగుతోందనీ, అక్కడ జంతువుల కొవ్వు తినడం బ్రిటన్ కంటే ఆలస్యంగా పెరిగింది కాబట్టి దాని ఫలితం ఇంకా పూర్తిగా బయటపడలేదనీ 1999లో బ్రిటిష్ పరిశోధకులు వాదించారు. ఆ పక్కనే ద్రాక్ష తొక్కలోని రెస్వెరాట్రాల్ అన్న పదార్థానికి పేరు మోగింది. ఎలుకల్లో అది చూపిన గుణాలు నిజమే కావచ్చు. లెక్క చూస్తేనే నవ్వొస్తుంది. లీటరు రెడ్ వైన్‌లో అది సాధారణంగా కొద్ది మిల్లీగ్రాములు మించదు. మనుషుల మీద ప్రయోగాల్లో వాడినవి వందల మిల్లీగ్రాములు. అర గ్రాము అందాలంటే వంద లీటర్ల వైన్ పైమాటే. పైగా ఆ పదార్థం మీద విస్తారంగా రాసిన దీపక్ దాస్ పరిశోధనల్లో 145 చోట్ల కల్పన, తారుమారు జరిగాయని ఆయన పనిచేసిన కనెక్టికట్ విశ్వవిద్యాలయమే 2012 జనవరిలో ప్రకటించింది. ఆయన ఒప్పుకోలేదు. ఒకరి కాగితాలతో ఆ రంగమంతా అబద్ధమైపోదు గానీ, నమ్మకానికి బీట పడింది.

అసలు తిరకాసు సర్వేల్లో ఉంది. మితంగా వైన్ తాగేవాళ్లు తాగనివాళ్ల కంటే ఆరోగ్యంగా ఉన్నారని ఎన్నో లెక్కలు తేల్చాయి. కానీ ఆ 'తాగనివాళ్లు' ఎవరు? రేపు ఎవరైనా కాగితం పట్టుకుని వచ్చి మా ఫిట్టరు పెద్దాయన్ని అడిగితే, "నాను తాగను బాబూ" అంటారు. అబద్ధం కాదు, మానేశారు. తాగనివాళ్ల వరసలో స్టెంటుతో సహా ఆయన పేరు చేరుతుంది. పాతికేళ్ల సారా లెక్క ఎటు పోయినట్టు? ఇటు వైన్ తాగే వరసలో ఎవరుంటారో చూడండి. తీరిగ్గా కూర్చుని భోంచేసేవాళ్లు, పళ్లూ కూరగాయలూ కొనుక్కోగలిగినవాళ్లు, సాయంత్రం నడకకి వెళ్లేవాళ్లు, ఒంట్లో బాగోకపోతే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లగలిగినవాళ్లు. వైన్‌కి వచ్చిన మంచిపేరులో సగం ద్రాక్షది, మిగతా సగం దాన్ని తాగేవాళ్ల భోజనబల్లది. ఈ తేడాలు సరిచేసి లెక్క వేసినకొద్దీ వైన్ లాభం కరిగిపోతూ వచ్చింది.

నష్టం మాత్రం కరగలేదు. మద్యపానీయాలు క్యాన్సర్ కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మొదటి వర్గంలో చేర్చింది. మద్యం వల్ల క్యాన్సర్ వచ్చే భాగాల జాబితాలో ఇప్పుడు నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, రొమ్ము ఉన్నాయి. ఇంత వరకు తాగితే ఫర్వాలేదన్న హద్దేదీ లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. వైన్‌ని పక్కకి తీసి కూర్చోబెట్టలేదు. స్టెంటు తర్వాత ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకునేవాళ్లకి మద్యంతో కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మా పెద్దాయన అడగని ప్రశ్నకి జవాబు అది.

గుండె లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనపడదు కాబట్టి ఎంతైనా వాదించుకోవచ్చు. పళ్ల దగ్గర ఆ సౌకర్యం లేదు. మాలంచ రోడ్డు వైపు నాకు తెలిసిన బెంగాలీ దంతవైద్యుడొకరున్నారు. నోరు తెరిస్తే చాలు, మనిషి అలవాట్ల చిట్టా చెప్పేస్తారు. ఖైనీ పెట్టుకునే చోట చిగురు తెల్లబడుతుందట. పాన్ ఎరుపు వేరు, టీ గోధుమ రంగు వేరు, మేదినీపూర్ పల్లెల్లో పళ్లకి రాసుకునే గుడాకు నలుపు వేరు. "వైన్ మరక ఇక్కడ అరుదు దాదా, ఐఐటీ వైపు నుంచి అప్పుడప్పుడు వస్తుంది" అన్నారాయన. అది ఎరుపుగా ఉండదు, నీలి బూడిద రంగుకి తిరుగుతుంది.

ఆ మరక పడే తీరు మన కలంకారీ పనివాళ్లకి చెబితే వెంటనే అర్థమవుతుంది. బట్టకి రంగు ఊరికే అంటదు. ముందు కరక్కాయ రసంలో నానబెడతారు. కరక్కాయలోని వగరు, అంటే టానిన్, బట్టని పట్టుకుని తర్వాత వచ్చే రంగుకి చోటిస్తుంది. రెడ్ వైన్‌లో టానినూ ఉంది, రంగూ ఉంది. పంటి మీద లాలాజలం ప్రోటీన్ల పల్చటి పొర ఎప్పుడూ ఉంటుంది. టానిన్ ఆ పొరని పట్టుకుంటుంది, ద్రాక్ష తొక్కలోని ఆంథోసయనిన్ రంగు దానికి అంటుకుంటుంది. వైన్ తాగగానే నోరు బిగుసుకున్నట్టు, నాలుక గరుకెక్కినట్టు అనిపించేది కూడా టానిన్ లాలాజలం ప్రోటీన్లని ముద్ద కట్టించడం వల్లే.

మరకని డాక్టరు గీకి తీసేస్తారు. అది చిన్న సంగతి. పులుపు చేసే పని పెద్దది. పంటి పైపొర ఎనామిల్ ఒంట్లోకెల్లా గట్టి పదార్థం. అయినా నోట్లో పీహెచ్ 5.5 కంటే కిందికి దిగితే అందులోని కాల్షియం, ఫాస్ఫేటు కరగడం మొదలవుతుంది. రెడ్ వైన్ పీహెచ్ మూడున్నర దరిదాపుల్లో ఉంటుంది. తెల్ల వైన్ ఇంకా పుల్లన. లాలాజలం ఆ పులుపుని విరిచేసి, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి అతుకుతుంది. కానీ దానికి సమయం కావాలి. గంటల తరబడి చప్పరిస్తూ కూర్చునేవాడు ఆ సమయం ఇవ్వడు. పైగా మద్యం నోటిని ఎండబెడుతుంది. వృత్తిరీత్యా వైన్ రుచి చూసేవాళ్ల పళ్లని స్వీడన్‌లో పరీక్షించి, 1997లో ప్రచురించిన అధ్యయనంలో ఎనామిల్ అరుగుదల ఎక్కువగా కనిపించింది. వాళ్లు మింగకుండా ఉమ్మేసేవాళ్లే సుమా. కాలేయం దక్కింది, పళ్లు పోయాయి.

తెల్ల వైన్ అయితే మరక పడదు కదా అనుకునేవాళ్లకి ఇంకో సంగతి. న్యూయార్క్ విశ్వవిద్యాలయం దంతవైద్య కళాశాలలో ఆవు పళ్లని తెల్ల వైన్‌లో నానబెట్టి, ఆ తర్వాత టీలో ముంచారు. నీళ్లలో నానబెట్టి టీలో ముంచిన పళ్ల కంటే అవి ఎక్కువ నల్లబడ్డాయి. పులుపు గరుకు చేసిన పంటికి ఏ రంగైనా సులువుగా అంటుతుంది. పూటకి నాలుగు టీలు తాగే ఊరివాళ్లం, మనకెందుకండీ ఆ ప్రయోగం?

వైన్ పళ్లకి మేలు చేస్తుందన్న వార్తలూ వచ్చాయి, అవి పూర్తిగా గాలివార్తలు కావు. పంటి పాచిలోని కొన్ని బాక్టీరియాని రెడ్ వైన్ తగ్గిస్తుందని స్పెయిన్ శాస్త్రవేత్తలు 2014లో ప్రయోగశాలలో చూపించారు. అయితే ఆల్కహాలు తీసేసిన వైన్ కూడా దాదాపు అలాగే పనిచేసింది. మళ్లీ అదే కథ. మేలు ద్రాక్షది, పేరు వైన్‌ది.

ద్రాక్షనీ వైన్‌నీ విడదీయాలన్న ఆలోచన ఒకప్పుడు ఒక దంతవైద్యుడికీ వచ్చింది. థామస్ బ్రామ్‌వెల్ వెల్చ్ అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో వైన్‌లాండ్ అనే ఊళ్లో పళ్ల డాక్టరు. మెథడిస్టు భక్తుడు. ప్రభు భోజన సంస్కారంలో మత్తు పానీయం ఉండటం ఆయనకి మింగుడు పడలేదు. 1869లో ద్రాక్షరసాన్ని సీసాల్లో వేడిచేసి, పులియకుండా నిలవ ఉండేలా చేసి, 'పులియని వైన్' అని పేరుపెట్టి చర్చిలకి అమ్మాడు. ఆ మార్పు మిషనరీలతో పాటు ప్రపంచమంతా తిరిగింది. ఖరగ్‌పూర్‌లోనూ అంతే. క్యాథలిక్కుల గుడిలో గురువుగారి పాత్రలో వైన్ ఉంటుంది, బాప్టిస్టుల చిన్న గిన్నెల్లో ద్రాక్షరసం. ఇందులో తమాషా ఏమిటంటే, ద్రాక్షరసం కూడా వైన్ అంత పుల్లన, ఆపైన లీటరుకి 150 గ్రాములు దాటే చక్కెర. ఆత్మని కాపాడిన డాక్టరు పళ్ల డాక్టర్లకి మాత్రం గిరాకీయే పెంచాడు. మా ఆంటీ జాడీ వైన్ సంగతీ ఇంతే. పులుపు, మత్తు, మరక, చక్కెర, నాలుగూ ఒకే గ్లాసులో.

ఇంకొకటి చెప్పకుండా ఈ విషయం వదలకూడదు, ఎందుకంటే ఇది మనవాళ్లదే. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో ఆడవాళ్లకి ఎక్కువ. దానివల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ గురించి 1940ల నుంచీ వైద్య పత్రికల్లో రాస్తూనే ఉన్నారు. మా మథురాకాటి నానమ్మల్లో చాలామంది ఆ చుట్టతోనే రైలెక్కి వచ్చారు. వాళ్ల మనవలు చుట్ట మానేసి గుట్కా, ఖైనీ అందుకున్నారు. పొగాకు పెట్టే నోటికి మద్యం కూడా తగిలితే నోటి క్యాన్సర్ ముప్పు రెండూ కూడినంత కాదు, అంతకంటే చాలా ఎక్కువ. మద్యం నోటిపొరని పల్చన చేసి పొగాకు విషాన్ని లోపలికి తీసుకెళుతుంది. నోట్లోని బాక్టీరియా ఆ మద్యాన్ని అసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది, అది కూడా క్యాన్సర్ కారకమే. ఈ పనికి సారా అయినా ఒకటే, ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఖరీదైన సీసా అయినా ఒకటే.

నా తీర్పు చెప్పేస్తాను. ఆరోగ్యం కోసమని వైన్ మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఆ డబ్బుతో గోల్‌బజార్‌లో నల్ల ద్రాక్ష కొనుక్కుని, తొక్కతో సహా తినండి. సరదాకే తాగుతానన్నవాళ్లు సరదాకే అని ఒప్పుకోండి. గుండెని సాక్ష్యానికి పిలవకండి. పండక్కి ఎవరింట్లోనైనా గ్లాసు చేతికొస్తే భోజనంతో పాటే ముగించండి, మధ్యమధ్య నీళ్లు తాగండి, అయ్యాక నీళ్లతో పుక్కిలించండి. వెంటనే బ్రష్ పట్టుకోకండి. పులుపుకి మెత్తబడ్డ ఎనామిల్ ఆ తోముడుకి ఇంకా అరుగుతుంది, కనీసం అరగంట ఆగండి. నోట్లో పుండు గానీ, తెల్ల మచ్చ గానీ, ఎర్ర మచ్చ గానీ రెండు వారాలు దాటినా మానకపోతే, నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా దంతవైద్యుడికి చూపించండి. మొదట్లో నోటి క్యాన్సర్‌కి చాలాసార్లు నొప్పి ఉండదు.